ఆసుయంత్రమును మాదాపురమును

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, దుర్గం చెరువు గట్టు మొదలుకొని గచ్చిబౌలి పొలిమేర వరకు వ్యాపించియున్న భూమి నేడు అద్దాల మేడలతో నిండి, సైబరాబాదను పేర దేశదేశముల ప్రసిద్ధి గాంచినది. ముప్పదియైదేండ్ల క్రిందట ఆ దారిని పోయినవారికి కానవచ్చినవి ఒకదానిపై నొకటి ఎవరో పేర్చిపెట్టినట్లుండు పెనుబండలు, వాని సందుల పెరిగిన సీతాఫలపు పొదలు, నడుమ నడుమ మాదాపురము, కొండాపురము, రాయదుర్గము అను చిన్న పల్లెలు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు సైతము ఆ గుట్టల మరుగున దాగి, వెదకిపోయినవారికే కంటబడుచుండెను.

ఈ ప్రాంతపు ఆధునిక చరిత్రను చెప్పువారు సామాన్యముగా 1998 నవంబరు 22వ తేదీతో మొదలుపెట్టుదురు. ఆనాడు ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి పది అంతస్తుల సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. ఆ తేదీ ప్రాముఖ్యమును నేను తక్కువ చేయను. కాని ఒకరి కొలువులో చేరక, తన చేతిపనినే నమ్ముకొని, తన ఊహకు తానే యజమానియై బ్రతుకదలచిన పనివాని చరిత్రను ఈ నేలపై వెదకువానికి, అంతకు ఆరేండ్ల ముందటిదైన 1992వ సంవత్సరము మరింత అర్థవంతముగా తోచును. ఆ యేట మాదాపురము రాళ్ళ నడుమ శిల్పారామమునకు అంకురార్పణ జరిగెను. ఆ యేటనే, నగరమునకు తూర్పుగా వరంగల్లు దారిలో, అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆలేరు చెంతనున్న శారాజీపేటలో, చింతకింది మల్లేశం అను చేనేత యువకుడు తన తల్లి భుజముల నొప్పిని తీర్చగల యంత్రమొకటి చేయుటకు పూనుకొనెను. మొదటిది పనివానికి అంగడి. రెండవది పనివానికి పనిముట్టు. ఒకటి ప్రభుత్వ ధనముతో గుట్టల నడుమ సావకాశముగా పెరిగినది. మరియొకటి అప్పుతోను, అవమానముతోను, ఏడేండ్లకుగాని ముగియనిది.

శిల్పారామము కాలక్రమమున 65 ఎకరముల మేర విస్తరించినది. చేతివృత్తులవారు తమ సరకును తామే మోసికొనివచ్చి, తామే వెల చెప్పి, తామే అమ్ముకొనుటకు వీలుగా అంగళ్ళ వరుసలను కట్టి, కొన్ని దినములకొకరికిగా వంతులు వేసి ఇచ్చుట దాని ముఖ్యోద్దేశము. పోచంపల్లి చీరలు, పెంబర్తి ఇత్తడి పనులు, నిర్మల్ బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు, చేర్యాల పటములు అచట ఒకే బాటలో ప్రక్కప్రక్కన కొలువుదీరును. అంతకుముందు షావుకారు వాకిట నిలువబడి, అతడు చెప్పిన వెలకు సరకును అప్పగించి వచ్చుటకు అలవాటుపడినవాడు, కొనువాని ముఖమును తొలిసారి ఎదురుగా చూచెను. ఏ రంగును చూచినప్పుడు కొనవచ్చిన ఆమె చేయి చాచినది, ఏ వెల విన్నప్పుడు వెనుదిరిగినది, ఇంటికి కొనిపోయిన వస్తువును ఎచట పెట్టుకొందునన్నది, ఇవి దళారి ఏనాడును పనివానికి చెప్పని సంగతులు. తన పనిని తానే అమ్ముకొనదలచిన ఎవనికైనను, వాడు నూలుతో పనిచేయువాడు కానిండు, అక్షరముతో పనిచేయువాడు కానిండు, ఇంతకు మించిన పాఠశాల లేదని నా నమ్మకము.

ఆ పాఠమునకు చెల్లించిన మూల్యమును కూడ చెప్పవలసియున్నది. చేర్యాల చిత్రకారులైన నకాషీల పూర్వులు వ్రాసిన పటములు గోడలకు వ్రేలాడదీయుటకై పుట్టినవి కావు. మూడడుగుల వెడల్పును, ముప్పది నలువది అడుగులకు మించిన నిడివియుగల ఖాదీగుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల పిండితో కాచిన జిగురును కలిపి పట్టించి, ఆరిన పిమ్మట ఎర్రని నేలపై పురాణమునంతయు వరుసగా చిత్రించెడివారు. కథకుడు దానిని ఒక్కొక్క అంకముగా విప్పుచు, బొమ్మను పుల్లతో చూపుచు, రాత్రుల తరబడి కథ నడపును. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును వినిపించినది ఇట్టి పటమును పట్టుకొనియే. సినిమాయు, పిదప టెలివిజనును పల్లెకు వచ్చి కథకునకు శ్రోతలు తగ్గగా, నకాషీకి పటము కావలెనని అడుగువారు కరవైరి. శిల్పారామమునకు వచ్చిన నగరవాసి అడిగినది తన అద్దెయింటి గోడకు సరిపడు ఒక్క అంకము. నకాషీ తన పటమును చిన్న చిన్న చట్రములుగా కుదించెను, ముఖతొడుగులు చేసెను, తాళపుచెవుల గుత్తికి తగిలించు బొమ్మలు సైతము చేసెను. ఆ విధముగా కథ తునకలైనది, కుంచె మాత్రము బ్రతికినది. ఈ మార్పును హర్షించువారు కలరు, నిందించువారు కలరు. ఎర్రనేలపై ఆ సన్నని నల్లగీతను ఒక్క ఊపున లాగు చేతిని చూచినప్పుడు, ఆ చేయి నిలిచియుండుటయే ఎక్కువ అని నాకు తోచును. చేయి ఉన్నంతకాలము నిడుపైన పటము మరల పుట్టవచ్చును, చేయి పోయిన పిమ్మట అది మ్యూజియములో తప్ప దొరకదు.

ఇక పనిముట్టు కథ. పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామములలో చిటికీ నేత వేళ్ళూనుటకు పూర్వమే తీరాంధ్రమున చీరాల తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోవుచుండెను. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో ఆ విద్య నల్లగొండ సీమకు వచ్చి, రుమాలునుండి చీరకు ప్రాకి, ఇచటి పద్మశాలీల చేతిలో కొత్త రూపము దాల్చెను. ఈ నేతలో రంగు నేసిన బట్టపై అద్దునది కాదు. నేయకముందే నూలుపై నిర్ణీత స్థానములందు బిగువుగా కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మరల వేరుచోట కట్టి మరియొక రంగులో ముంచి, ఏ పువ్వు ఎచట పూయవలెనో దారమునకే ముందుగా నేర్పి పెట్టుదురు. ఆ కట్లకు పాత సైకిలు ట్యూబును సన్నని పీలికలుగా కోసి వాడుట నేతయిండ్లలో నేటికిని చూడవచ్చును.

కట్లు కట్టుటకు ముందు పేకనూలును వరుస తప్పకుండ పరచుకొనవలెను. దీనినే ఆసు పోయుట అందురు. ఒక కొసను ఒంటరి మేకు. ఎదుటి కొసను అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకుల బారు. వాని నడుమ కూర్చున్న స్త్రీ దారమును వ్రేళ్ళ సందున పట్టి, ఈ మేకును చుట్టి, చేయి బారజాచి ఆ మేకును చుట్టి, తిరిగి ఈ మేకునకు వచ్చుచు, పోవుచు, లెక్క తప్పకుండ, దారము తెగకుండ, దృష్టి చెదరకుండ ఆ పనిని సాగింపవలెను. ఒక్క చీరకు ఆ చేయి 9,000 మారులు కదలవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 మారులు. ఒక్కొక్క చీరకు నాలుగు గంటలకు పైగా పట్టును. మగ్గము పురుషునిదని, పేరు పురుషునిదని, వెల పురుషుని చేతికి వచ్చునని లోకమెరుగును. ఆసు స్త్రీదని నేతవాడ దాటినవారెవరికిని తెలియదు. శారాజీపేటలో మల్లేశం తల్లి లక్ష్మమ్మవంటి స్త్రీలు రాత్రి భుజము పట్టుకొని మూల్గుచు, తెల్లవారి మరల ఆ మేకుల ఎదుట కూర్చుండిరి. ఈ పని ఇక నావలన కాదని లక్ష్మమ్మ చెప్పిన మాటనుండి ఆమె కుమారుని యంత్రము పుట్టినది.

మల్లేశం ఆరవ తరగతితో చదువు మానినవాడు. యంత్రశాస్త్రమును గాని, విద్యుచ్ఛాస్త్రమును గాని ఆయనకు ఎవరును బోధింపలేదు. చేయి చేయు పనిని కంటితో ముక్కలు ముక్కలుగా విడదీసికొని, ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క భాగమును కల్పించుకొనుచు, చేతికందిన కొద్ది సొమ్ముతో ఒక భాగమును చేయించి చూచి, కుదరనిచో తీసివేసి, మరల కూడబెట్టి మరల చేయించుచు పోయెను. ధైర్యము చెప్పినవారికంటె, పొట్టకూటికి చాలని వానికి ఈ పిచ్చి యేలయని నిరుత్సాహపరచినవారే అధికులు. కడకు ఊరు విడిచి హైదరాబాదు చేరి, కరెంటు పనులు చేసికొనుచు కాలము గడపవలసివచ్చెను. యంత్రమునందు చాల భాగము కుదిరినను, దారము మేకును చుట్టివచ్చు ఆ ఒక్క కదలిక మాత్రము పట్టు చిక్కలేదు. 1999లో బాలానగరమున పనికి పోయినప్పుడు, ఒకచోట వేరొక పనికై ఏర్పరచిన యంత్రము ఆడుచుండుట చూచి, తాను ఏండ్ల తరబడి వెదకుచున్న కదలిక దానియందున్నదని గుర్తించెను. ఆ దర్శనముతో ఆసుయంత్రము పూర్తియైనది. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను.

ఇచట చరిత్రకారుడు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆ యంత్రము బాలానగరములోనే ఎట్లు కనబడెను? 1943లో సికిందరాబాదున స్థాపితమైన ప్రాగా టూల్స్ నాటినుండి ఈ నగరమునకు పనిముట్లను చేయు విద్య అలవడినది. స్వాతంత్ర్యానంతరము బాలానగర ప్రాంతమున హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వెలసెను. సోవియట్ సాయముతో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము వచ్చెను. 1968లో ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో భారత ప్రభుత్వము కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థను అచటనే నెలకొల్పెను. ఈ పెద్ద సంస్థల నీడన, వానికి కావలసిన మరలు, అచ్చులు, ఇరుసులు చేసిపెట్టు చిన్న షెడ్లు అసంఖ్యాకముగా పుట్టుకొచ్చెను. లేతుయంత్రము, డ్రిల్లింగు యంత్రము, ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రవాండ్రు, అది వాని ఆస్తి. వాని తలుపులు వీధికి తెరచియుండును. వెలుతురు కొరకో, వేడి తాళలేకయో అట్లు తెరచిపెట్టిన తలుపుగుండ పనియంతయు బయటివాని కంటబడును. నూలు తప్ప మరియొకటి ఎరుగని వానికి ఇనుము కదలు తీరును చూపగల చోటు ఆనాటి హైదరాబాదులో ఇదియే. నూతనకల్పన యనునది ఏకాంతమున మెరపువలె మెరయునని భావించువారు ఆ తెరచిన తలుపును మరచిపోవుదురు. ఏడేండ్లు ఒకే చిక్కును మనస్సున మోసినవాడు కావుననే ఆయన దానిని గుర్తింపగలిగెను. పరుల పని కంటబడు చోటునకు పోయినవాడు కావుననే దానిని చూడగలిగెను. ఈ రెంటిలో ఏది లోపించినను యంత్రము లేదు.

అదే కాలమున మాదాపురమున మేడలు లేచుచుండెను. అంతర్జాతీయ సంస్థలు వచ్చినవి, 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వెలసినది, అమీర్‌పేట మైత్రీవనము చుట్టును కంప్యూటరు కోర్సుల బోర్డులు నిండినవి, జిల్లాలనుండి వచ్చిన రైతుబిడ్డలు, నేతబిడ్డలు అచట చదివి ఈ మేడలలో కొలువులు పొందిరి. ఆ కొలువులు ఎన్నియో ఇండ్లలో దీపము వెలిగించినవి. దానిని కాదనుట కృతఘ్నత. కాని ఆ మేడలకు వీధికి తెరచిన తలుపు లేదు. మెడలో కార్డు లేనివానిని కాపలావాడు గేటువద్దనే ఆపును. లోపల జరుగు పనిని చూచి తన చిక్కును విప్పుకొను అవకాశము వేరొక మల్లేశమునకు అచట దొరకదు. ఆసుయంత్రము పూర్తియైనది సైబర్ టవర్స్ తెరచిన మరుసటి యేట. నగరము ఒక్కటియే, కాలము ఒక్కటియే, ఐనను ఒకదాని ఉనికి మరియొకదానికి తెలియదు.

యంత్రము వచ్చిన పిమ్మట ఒక్క చీర ఆసు గంటన్నరలో ముగియసాగెను. దినమునకు రెండు చీరలకు నూలు సిద్ధపరచిన ఇంట ఆరేడు చీరలకు సిద్ధపరచుట సాధ్యమయ్యెను. మల్లేశం అంతటితో ఆగక, ఎలక్ట్రానిక్ పరికరములను తానే నేర్చుకొని, మైక్రోకంట్రోలరును కూర్చి, వేరువేరు చీరల లెక్కలను మార్చుకొనుటకు వీలు కల్పించెను. పల్లె సృజనశీలురను వెదకి వెలికితీయు సంకల్పముతో బ్రిగేడియర్ గణేశం నెలకొల్పిన పల్లెసృజన మొదలగు సంస్థలు ఆయన కృషిని లోకమునకు తెలిపినవి. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో సత్కరించెను. 2019లో ఆయన కథ మల్లేశం అను పేర చలనచిత్రమైనది.

గౌరవములకంటె నాకు ముఖ్యముగా కనబడునది ఆ యంత్రము ఎచట ఆగినదనునది. అది ఆసు పోయును. నూలుపై ఏ పువ్వు కట్టవలెనో అది చెప్పదు, కట్లు కట్టదు, రంగుల పాళ్ళను నిర్ణయింపదు, మగ్గముపై కూర్చుండదు. ఆలోచన అక్కరలేని, దేహమును అరగదీయు కదలికను మాత్రము అది తీసికొన్నది. ఎంపికయు, తీర్పును, పొరపాటు చేయు హక్కును మనిషికే విడిచినది. దీనికి ప్రక్కన మరియొక సాంకేతిక విద్యను పెట్టి చూడుడు. చిటికీ చీరలోని ఆకృతినే ఎత్తుకొని మిల్లుబట్టపై అచ్చువేసి, నేతచీర వెలలో అతిస్వల్ప భాగమునకు అమ్ము విద్యయు యంత్రవిద్యయే. అది శ్రమను తగ్గింపలేదు; శ్రామికుని తొలగించినది. పోచంపల్లి నేతకు 2005 ప్రాంతమున భౌగోళిక గుర్తింపు తెచ్చుకొనవలసిన ఆవశ్యకత ఇట్టి అనుకరణలవలననే కలిగినది. నేడు బొమ్మ గీయు, పాట కట్టు, వ్యాసము వ్రాయు కృత్రిమ మేధ చేతికి వచ్చిన కాలమున, తన పనిని తానే చేసికొనుచు బ్రతుకు చిత్రకారుడును, రచయితయు, చలనచిత్రకారుడును ఈ రెండు యంత్రముల భేదమును మనస్సున ఉంచుకొనవలెనని కోరుచున్నాను. నా ఆసును అది పోయుచున్నదా, నా పువ్వును అది ఎత్తుకొనిపోవుచున్నదా అని అడుగుకొన్నచో, ఏ పనిని దానికి అప్పగింపవచ్చునో, దేనిని చేజారనీయరాదో ఎవరికి వారికే తేటపడును.

పనిముట్టు చౌకయై చేతికందినచో పల్లెనుండియే పని చేయవచ్చునని జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి నిరూపించినది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలిడిన మై విలేజ్ షో, ఆ ఊరి మనుష్యులతో, ఆ ఊరి మాటతో, యూట్యూబు ద్వారమున లోకమునకు చేరెను; పొలము పనులు చేసికొను గంగవ్వ తెలుగువారికి ఇంటిమనిషి అయ్యెను. వీరు మాదాపురపు మేడ ఎక్కి గాని, స్టూడియో గడప తొక్కి గాని ఈ పని మొదలుపెట్టినవారు కారు.

మాదాపురము సైతము ఈ పదేండ్లలో కొంత మారినది. 2015 నవంబరు 5న ట్రిపుల్ ఐటీ ఆవరణమున, అంకుర సంస్థలకు చోటిచ్చు టీ-హబ్‌ను రతన్ టాటా ప్రారంభించెను. 2022లో రాయదుర్గమున దానికి మిక్కిలి విశాలమైన భవనము లేచెను. 2019 నుండి ఇంటింటా ఇన్నోవేటర్ అను పేర జిల్లాలలోని సామాన్యుల కల్పనలను ప్రదర్శించు ఏర్పాటు జరిగినది. వీనియన్నిటికంటె నేను ఎక్కువ విలువనిచ్చునది 2023 మార్చి 2న రాయదుర్గమున తెరచిన టీ-వర్క్స్. 78,000 చదరపుటడుగుల ఆ శాలలో లేజరుతో కోయు యంత్రములు, లోహమును చెక్కు సి.ఎన్.సి. యంత్రములు, త్రీడీ ముద్రణ యంత్రములు, వడ్రంగి పనికి, కుండల పనికి, ఎలక్ట్రానిక్ పలకల కూర్పునకు వలయు పరికరములు ఒకే కప్పు క్రింద ఉన్నవి. ఊహ తట్టినవాడు వచ్చి తొలి నమూనాను చేసికొని పోవలెనని దాని ఆశయము. బాలానగరపు షెడ్డు చేసిన ఉపకారమును ప్రభుత్వము తెలిసి చేయుటకు పూనుకొనినది ఇప్పుడేయని చెప్పవచ్చును. 1992లో ఇట్టిది ఉండియుండినచో మల్లేశంకు ఏడేండ్లు పట్టెడివి కావేమో. లక్ష్మమ్మ భుజము ఎన్ని లక్షల కదలికలనుండి తప్పించుకొనెడిదో.

ఐనను ఒక వెలితి మిగిలియున్నది. శిల్పారామమున అంగడి కలదు, పనిశాల లేదు. టీ-వర్క్స్‌లో పనిశాల కలదు, చీరలమూటతో వచ్చిన నేతగానికి అది తనకొరకు కట్టినదని తెలియదు. ఈ రెంటికి నడుమ దూరము కొలది కిలోమీటర్లు మాత్రమే. అంగళ్ళ వంతు దొరికి శిల్పారామమునకు వచ్చు ప్రతి పనివానిని, అతని ఇంటి స్త్రీలను, ఒక పూట ఆ శాలకు కొనిపోయి, తెలుగున చెప్పగల మేస్త్రీ ఒకడు యంత్రములను ఆడించి చూపు ఏర్పాటు చేయుట పెద్ద వ్యయముతో కూడినది కాదు. చిక్కుకొన్న పని ఉన్నవారికి పది దినములు బసయు, భోజనమును, ఆ దినముల కూలికి సరిపడు సొమ్మును ఇచ్చినచో చాలును. మల్లేశంకు కరవైనవి ఇవియే. చిటికీ కట్లు ఇంకను చేతితోనే కట్టుచున్నారు. గంటల తరబడి మెడ వంచి కూర్చున్న ఆ స్త్రీలకు పని చేయు ఎత్తును మార్చు పీట యైనను, కన్నులకు శ్రమ తగ్గించు దీపమైనను ఇంకను రావలసియున్నవి. ఏ పీట కావలెనో, ఏ వెలుతురు చాలునో ఆ స్త్రీలకే తెలియును. మొదట వారినే ఆ శాలకు పిలువవలెను.